సీసాలో పాముపిల్ల, నెత్తిమీద ఒట్టు

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. మొన్న వాడి గది సర్దుతుంటే మంచం కింద, పాత బొమ్మల పెట్టె వెనకాల ఒక ప్లాస్టిక్ సీసా కనిపించింది. మూతకు చిన్న చిన్న చిల్లులు పెట్టి ఉన్నాయి. లోపల జానెడు కంటే కాస్త పొడవున్న పాముపిల్ల. నల్లటి ఒళ్లు, సన్నటి తెల్ల చారలు. నేను కేక పెట్టేసరికి వాడు పరుగున వచ్చి సీసాను గుండెకు హత్తుకున్నాడు. పెరటి గోడ పక్కన దొరికిందట. మూడు వారాలుగా పెంచుతున్నాడట. దాని పేరు చిన్ని. సీసా మూతలో పాలు పోస్తున్నాడు, చచ్చిన బల్లిపిల్లల్ని వేస్తున్నాడు. "దీనికి విషం లేదమ్మా, యూట్యూబ్‌లో చూశా. నేనొస్తే మూత దగ్గరికొచ్చి ముద్దు పెడుతుంది" అంటాడు. ఎవరికైనా ఇచ్చేద్దాం అంటే ఒకటే ఏడుపు. "దానికీ ఎవరూ లేరమ్మా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మాకు ఏడు నెలల పాప ఉంది. అది పుట్టినప్పటి నుంచి వీడి దగ్గర స్థిమితంగా కూర్చున్నదే లేదు. మావారు ఊరెళ్లారు, ఎల్లుండి వస్తారు. పాము అంటేనే కర్ర అందుకునే మనిషి. నాన్నకు చెప్పనని వాడు నా చేతిని తన నెత్తిమీద పెట్టించుకుని ఒట్టేయించుకున్నాడు. సీసా ఇంకా వాడి గదిలోనే ఉంది. దాన్ని ఏం చేయాలి? మావారికి చెప్పనా, మాననా? మా వాడిలో ఏమైనా తేడా ఉందంటారా? — ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివిన వెంటనే అత్యవసరంగా చేయాల్సినవి మీకు విడిగా రాసి పంపాను. ఇలాంటి సీసా ఇంకో ఇంట్లో ఇంకో మంచం కింద ఉండొచ్చు కాబట్టి, అవే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

సీసా మూత ఇకపై మీ ఇంట్లో ఎవరూ తీయకూడదు. పాలు మార్చడానికీ వద్దు, ఇంకో డబ్బాలోకి మార్చడానికీ వద్దు, బయట వదిలేయడానికీ వద్దు. బాబు చేతిలోంచి సీసా లాక్కోవద్దు. పెనుగులాటలో మూత ఊడిందంటే ఇద్దరికీ ప్రమాదమే. "నేల మీద పెట్టి నా దగ్గరికి రా" అనండి. వాడు గది బయటికొచ్చాక, చిల్లులున్న మూత వైపు చెయ్యి పోనీయకుండా సీసాను అడుగున పట్టుకుని లోతైన బకెట్‌లో నిలబెట్టండి. బకెట్ మీద దోమతెర గుడ్డ లాంటిది కప్పి తాడుతో బిగించి కట్టండి. ఎండ తగలని చోట ఉంచి, తలుపు వేసి, తలుపు కింది సందులో పాత దుప్పటి కుక్కండి. అయితే బకెట్‌లో పెట్టకముందే సీసా పక్క నుంచి, తల దగ్గర నుంచి తోక దాకా కనిపించేలా ఫోన్‌లో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. తర్వాత అటవీ శాఖకో, మీకు దగ్గర్లో పాములు పట్టే శిక్షణ పొందిన వాళ్లకో ఫోన్ చేయండి. వాళ్లకు ఇది రోజూ ఉండే పనే. పిల్లవాడు పట్టుకొచ్చాడని మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. చాలా దేశాల్లో అడవి జీవుల్ని అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం చట్టవిరుద్ధం కాబట్టి, మీ అంతట మీరు పిలిచి అప్పగించడమే అన్ని విధాలా మంచిది.

వాళ్లు వచ్చేలోపు ఇంకో పని ఉంది. గుడ్లు పెట్టే పాములు ఒకటి రెండు కాదు, ఒకేచోట చాలా పెడతాయి. పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి బయటికొస్తాయి. మీ వాడికి ఒకటి దొరికిందంటే దాని తోబుట్టువులు ఆ గోడ చుట్టుపక్కల ఉండే అవకాశం ఉంది. పాములు పట్టేవాళ్లు వచ్చినప్పుడు ఆ చోటు వాళ్లకు చూపించండి. గోడ పక్కన ఇటుకల కుప్పలు, కట్టెలు ఉంటే మీరు కదపొద్దు. పాపను నేల మీద పడుకోబెట్టే అలవాటుంటే ఈ కొద్ది రోజులూ మానండి. రాత్రి పక్కలన్నీ దులిపి, దుప్పటి అంచులు నేలకు తగలకుండా లోపలికి దోపండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మీరు వాడిని అడగాలి. ఈ మూడు వారాల్లో చిన్ని ఒక్కసారైనా కరిచిందా?

ఎలా అడుగుతారన్నదాని మీదే జవాబు ఆధారపడి ఉంటుంది. "కరవలేదు కదా? నిజం చెప్పు!" అని గద్దిస్తే కరిచినా లేదనే అంటాడు. ఎందుకంటే, కరిచిందంటే చిన్నిని తీసుకుపోతారని వాడికి తెలుసు. పక్కన కూర్చుని, "దానికి భయమేసి ఎప్పుడైనా నోరు పెట్టి ఉంటుంది కదరా, ఏ వేలికి?" అని మామూలుగా అడగండి. కరిస్తే అది దాని తప్పూ కాదు, వాడి తప్పూ కాదు అని ముందే చెప్పండి. మాటల్లో మాటగా రెండు చేతులూ, వేళ్ల సందులూ చూడండి. ఎప్పుడో రెండు వారాల కింద కరిచి ఏమీ కాలేదని చెబితే అప్పటి గండం గడిచిందనుకోవచ్చు. కానీ దాన్ని బట్టి ఆ పాముకు విషం లేదని మాత్రం నిర్ధారించుకోవద్దు. విషపు పాములు కూడా కొన్నిసార్లు విషం దించకుండానే కరుస్తాయి. నిన్ననో ఇవాళో కరిచిందని చెబితే మాత్రం, పిల్లవాడు గంతులేస్తున్నా సరే, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గంతులేస్తున్నా సరే అని ఎందుకన్నానంటే, మీరు చెప్పిన రంగు, చారలు కట్లపాముకు సరిపోతాయి. రక్తపింజర కరిస్తే విపరీతమైన నొప్పి, వాపు వస్తాయి కాబట్టి దాచినా దాగదు. కట్లపాము కాటు అలా కాదు. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనిపించదు. నిద్రలో కాటు పడ్డవాళ్లకు కరిచిన సంగతే తెలియకపోవడం మామూలు. కొన్ని గంటల తర్వాత కడుపునొప్పి, వాంతులు వస్తాయి. తిన్నది పడలేదేమో అనుకుంటాం. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. చివరికి ఊపిరి పీల్చే కండరాలు పనిచేయడం మానేస్తాయి. పెద్దవాళ్ల ఒంట్లోకి వెళ్లిన విషమే పిల్లల చిన్న ఒంట్లోకి వెళితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 54 లక్షల మందిని పాములు కరుస్తున్నాయి, 81 వేల నుంచి 1 లక్షా 38 వేల మంది చనిపోతున్నారు. చికిత్స లేక కాదు, విషానికి విరుగుడైన యాంటీ వెనమ్ ఉంది. సకాలంలో అక్కడికి చేరకపోవడమే వీళ్లలో చాలామందిని బలి తీసుకుంటోంది.

అందుకే మీ వాడిని తిట్టొద్దు, కొట్టొద్దు అంటున్నాను. దెబ్బలు తిన్న పిల్లవాడు పాముల్ని ముట్టుకోవడం మానతాడో లేదో చెప్పలేం, మీకు చెప్పడం మాత్రం మానేస్తాడు. రేపు ఏ తేలో, ఏ పామో కరిచినప్పుడు, "అమ్మకు తెలిస్తే చంపేస్తుంది" అనుకుని దుప్పటి కప్పుకుని పడుకున్న పిల్లవాడిని ఏ యాంటీ వెనమ్మూ కాపాడలేదు. ప్రాణాపాయమైన సంగతైనా సరే వాడు భయం లేకుండా మీ దగ్గరికి పరిగెత్తుకు రాగలగాలి. పాము ఈ ఇంట్లోంచి వెళ్లడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం. మొన్న మీరు కేక పెట్టారు. ఎవరైనా పెడతారు, దానికి బాధపడకండి. ఇవాళ వాడిని కూర్చోబెట్టుకుని, "మొన్న భయపడ్డాను. నువ్వు చేసింది చాలా ప్రమాదం. అయినా నాకు చెప్పావు చూడు, అది మంచి పని" అనండి, చాలు.

వాడు రెండు మాటలు గట్టిగా నమ్ముతున్నాడు. ఒకటి దానికి విషం లేదని, రెండోది అది తనను ప్రేమిస్తోందని. రెండింటికీ మీ దగ్గర జవాబు ఉండాలి. లేకపోతే పెద్దవాళ్లు బలవంతంగా లాక్కున్నారనే వాడి మనసులో మిగిలిపోతుంది.

విషం సంగతి ముందు. వాడు యూట్యూబ్‌లో చూసింది అబద్ధమేమీ కాదు. కట్లపాములాగే చారలుండే విషం లేని పాము ఒకటి నిజంగానే ఉంది. ఇంగ్లిష్‌లో దాన్ని ఉల్ఫ్ స్నేక్ అంటారు. ఇళ్లలో గోడల మీద తిరుగుతూ బల్లుల్ని తింటుంది. మీ ఇంట్లో ఉన్నది అదే కావచ్చు కూడా. ఆ పాముకు చారలు మెడ వైపు స్పష్టంగా ఉండి తోక వైపు మసకబారతాయనీ, కట్లపాముకు మెడ దాటాక కాస్త వెనక నుంచి మొదలై తోక వైపు స్పష్టంగా ఉంటాయనీ చెబుతారు. పెద్ద పాముల్లో ఈ తేడా చాలావరకు నిజమే. కానీ కట్లపాము పిల్లల్లో ముందు భాగంలో కూడా మచ్చలో చారలో ఉంటాయి. అప్పుడు ఈ గుర్తు పనికిరాదు.

పాములే లోకంగా బతికినవాళ్లు కూడా ఇక్కడే పొరబడ్డారు. జోసెఫ్ స్లోవిన్‌స్కీ అనే అమెరికన్ శాస్త్రవేత్త కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో పనిచేసేవారు. చిన్నప్పటి నుంచీ పాముల పిచ్చి. 2001 సెప్టెంబరులో మయన్మార్ ఉత్తర ప్రాంతంలో బృందంతో కలిసి జీవజాతులు సేకరిస్తున్నారు. కట్లపామును పోలిన విషం లేని పాము అనుకున్న ఒక పిల్లపాము ఉన్న సంచిలో చెయ్యి పెట్టారు. అది కట్లపాము జాతిదే. వేలి మీద గాటు కనపడీ కనపడనట్టుంది. కొన్ని గంటల్లో ఒళ్లు చచ్చుబడిపోయింది, ఊపిరి ఆగింది. తోటివాళ్లు వంతులవారీగా గంటల తరబడి ఆయన నోట్లోకి ఊపిరి ఊదారు. వాతావరణం బాగోక హెలికాప్టర్ చేరలేకపోయింది. మరునాడు ఆయన చనిపోయారు. అప్పటికి వయసు 38. ఈ సంగతి మీ వాడికి చెప్పండి. భయపెట్టడానికి అని కాదు. "నీకు ఏమీ తెలియదు" అనే బదులు, "అంత తెలిసినాయనే పోల్చుకోలేకపోయాడురా" అంటే వాడి తెలివిని చిన్నబుచ్చినట్టు కాదు, ప్రమాదమూ అర్థమవుతుంది. పిల్లపాము కదా అనే ధీమా కూడా వద్దు. విషపు పాము పిల్లకు పుట్టినప్పటి నుంచే విషమూ ఉంటుంది, కోరలూ పనిచేస్తాయి.

పగలు అది కదలకుండా ముడుచుకుని ఉంటుందని, ఎంత సాధువో అని మీ వాడు చెప్పి ఉండొచ్చు. అదీ నమ్మొద్దు. కట్లపాము రాత్రి తిరిగే పాము. పగలు ఉండ చుట్టుకుని, తల కూడా మడతల్లో దాచుకుని మందంగా పడి ఉంటుంది. చీకటి పడ్డాక చురుగ్గా ఉంటుంది, చటుక్కున కరుస్తుంది.

ఇక ఆ ముద్దు. ఇది కాస్త నెమ్మదిగా చెప్పాల్సిన విషయం. ఎందుకంటే వాడికి ఈ సీసాలో దొరికిన సంతోషమంతా ఆ ముద్దే. బకెట్‌లో పెట్టకముందు తీసిన ఫొటోల్లో పాము తల ఉన్నదాన్ని పెద్దది చేసి ఇద్దరూ కలిసి చూడండి. సీసాల్లో, డబ్బాల్లో పెట్టిన పాములకు ముక్కు కొస మీద, పై పెదవి అంచున పొలుసులు చెదిరి, చర్మం గీరుకుపోయి ఉండటం తరచుగా కనిపిస్తుంది. బయటికి దారి వెతుక్కుంటూ, గాలి వచ్చే చిల్లుల దగ్గర మళ్లీ మళ్లీ ముక్కు రాస్తాయి కాబట్టి అలా అవుతుంది. మీ చిన్నికీ అలా ఉంటే మీరేమీ చెప్పకండి. "ఇక్కడ ఎందుకిలా అయిందంటావు?" అని అడిగి ఊరుకోండి. అంత శ్రద్ధగా గమనించే పిల్లవాడు తనంతట తనే తెలుసుకుంటాడు. ఏడుస్తాడు కూడా. ఏడవనివ్వండి. గాయమేమీ కనిపించకపోతే, అది తిరిగేది గాలి కోసం, దారి కోసమేనని మీరే చెప్పండి.

పాముకు మనిషి మీద ప్రేమ ఉండదని వాడికి ముఖం మీద కొట్టినట్టు చెప్పనక్కర్లేదు. దాని ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెబితే చాలు. పాము నాలుక ఆడించేది వాసన పట్టడానికి. గాల్లోని వాసనల్ని నాలుకతో అందుకుని నోటి పైభాగంలో ఉండే ఒక అవయవానికి చేరుస్తుంది. వాడు వచ్చినప్పుడు దానికి తెలిసేది నేల అదురు, వెచ్చదనం, వేళ్లకు అంటిన బల్లి వాసన. ఆ బల్లి వాసనే అన్నిటికంటే ప్రమాదం. పాముల్ని పెంచే అనుభవజ్ఞులకు కూడా ఎన్నో కాట్లు మేత వేసేటప్పుడే పడతాయి. చేతికి ఎర వాసన ఉంటే పాముకు చెయ్యే ఎర. దానికి కనురెప్పలు కూడా లేవు, పారదర్శకమైన పొలుసు ఒకటి కంటిని కప్పి ఉంటుంది. అందుకే అది ఎప్పుడూ తననే చూస్తున్నట్టు వాడికి అనిపిస్తుంది.

చిన్నప్పటి నుంచి చేతుల్లో పెంచితే మచ్చికవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా అనవచ్చు. పాము సంగతే కాదు, కోతిపిల్ల, నక్కపిల్ల అయినా ఇదే మాట వస్తుంది. ఒక జంతువు మన చేతికి అలవాటు పడటం వేరు, దాని స్వభావమే మారడం వేరు. 1959లో సైబీరియాలో ద్మిత్రీ బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త నక్కల మీద ప్రయోగం మొదలుపెట్టారు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి తక్కువ బెదిరే వాటిని మాత్రమే ఎంచి పిల్లల్ని కనేలా చేశారు. అలా తరాలు గడిచాకే కుక్కల్లా తోకలూపి దగ్గరికొచ్చే నక్కలు పుట్టాయి. అదీ కుక్కకు దగ్గరి చుట్టమైన నక్క. మూడు వారాల ముద్దులతో పాము మారదు.

పాలు ఆపేయమన్నాను కదా, ఎందుకో వాడికి చెప్పండి. పాముకు పాలు ఆహారం కాదు, అరిగించుకోలేదు. దాహంతో అల్లాడుతుంటే ఏ ద్రవమైనా తాగుతుంది, అంతే. పాము చచ్చిన బల్లుల్ని తిన్నదో లేదో కూడా అడగండి. కట్లపాములు ఎక్కువగా తినేది ఇతర పాముల్ని. ఈ మూడు వారాలూ అది ఏమీ తినకుండా ఉండి ఉండొచ్చు. వచ్చినవాళ్లకు ఈ వివరం ఉపయోగపడుతుంది.

ఒట్టు గురించి మీకు టెన్షన్‌గా ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాల్సిందే. కానీ వాడికి తెలియకుండా కాదు. "నీ ప్రాణానికి ముప్పున్న విషయం నాన్న దగ్గర దాచను. ఇలాంటి వాటికి ఇకపై ఒట్టు వేయను కూడా. చెప్పబోతున్నానని ముందు నీకే చెబుతున్నాను" అనండి. కోపగించుకుంటాడు. అమ్మ మాట తప్పింది అనుకున్నా సరే, అమ్మ దొంగచాటుగా చేసింది అనుకోకూడదు.

చిన్నిని పంపేటప్పుడు కూడా ఇదే నియమం. వాడు స్కూలుకి వెళ్లినప్పుడు చూసి పంపేయాలని మీకు అనిపిస్తుంది. అలా చేయకండి. పాములు పట్టేవాళ్లు వచ్చే టైముకు వాడు ఇంట్లోనే ఉండాలి. దూరంగా, మీ చెయ్యి పట్టుకుని నిలబడాలి. అది ఏ పామో, ఎక్కడ వదులుతారో వాడినే అడగనివ్వండి. దాన్ని ఎక్కడో దూరపు అడవిలో వదలమని మీరు పట్టుబట్టవద్దు. తెలియని చోటికి తీసుకెళ్లి వదిలితే దాక్కునే చోటు, మేత దొరక్క చాలా పాములు బతకవు. ఎక్కడ వదలాలన్నది వాళ్లకే విడిచిపెట్టండి. ఒకవేళ అది విషం లేనిదని వాళ్లు తేల్చినా ఇంట్లో ఉంచుకోవడానికి ఒప్పుకోవద్దు. పాములు, తాబేళ్ల ఒంటి మీద విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇలాంటి జీవుల్ని ఉంచకూడదని వైద్యులు చెబుతారు. మీ పాపకు ఏడు నెలలే. సీసా పెట్టిన చోటు, ఆ బకెట్, వాడి చేతులు సబ్బుతో బాగా కడగండి.

పంపేశాక "వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది" అని కథ చెప్పకండి. అది నిజం కాదు, వాడికి అవసరం కూడా లేదు. పాముపిల్లలు గుడ్డు లోంచి బయటికొచ్చిన రోజు నుంచీ తమ బతుకు తామే బతుకుతాయి. తల్లి కోసం వెతకవు, తోడు లేదని బెంగపడవు. "దానికీ ఎవరూ లేరు" అని మీ వాడు చెప్పింది పాము గురించి కాదని మీకు తెలిసే అది గుచ్చుకుంది. ఆ "కీ"లో వాడు ఉన్నాడు.

అంటే మీరేదో లోటు చేశారని కాదు. ఏడు నెలల పసిగుడ్డు ఉన్న ఇంట్లో తొమ్మిదేళ్లవాడు వెనక్కి వెళ్లిపోవడం దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. ఇంట్లో అందరూ పాపను చూసుకుంటుంటే వాడూ చూసుకోవడానికి ఒకదాన్ని తెచ్చుకున్నాడు. పేరు పెట్టాడు, గాలాడేలా మూతకు చిల్లులు పెట్టాడు, పాలు పట్టాడు. మీరు పాపకు చేసేవన్నీ వాడు చిన్నికి చేశాడు. ఇందులో తేడా ఏమీ లేదమ్మా. జంతువుల్ని హింసించి ఆనందించడం, వాటి నొప్పి చూసి చలించకపోవడం, ఎంత చెప్పినా ప్రాణం మీదికి తెచ్చుకునే పనులే దొంగచాటుగా చేస్తుండటం, తిండీ నిద్రా తగ్గిపోవడం, ఇలాంటివి కనిపిస్తే పిల్లల సైకాలజిస్టును కలవాలి. మీరు రాసినదాంట్లో వాటి జాడ లేదు.

పాపను ఎవరికైనా అప్పగించి రోజూ కొంతసేపు వాడితో ఒంటరిగా ఉండండి. సేపు ఎంతన్నది కాదు, రోజూ ఉండాలన్నది ముఖ్యం. ఆ టైములో హోంవర్కు మాట ఎత్తొద్దు. పాము పోయిందని మరునాడే కుక్కపిల్లనో, చేపల తొట్టినో కొనివ్వకండి. బాధను కొనిపెట్టి మరిపించడం నాకు ఇష్టం లేదు. పైగా ఒక జీవిని తేవడమంటే ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి చూసుకుంటామని ఒప్పుకోవడం. పసిబిడ్డతో సతమతమవుతున్న మీకు ఇప్పుడు అది అదనపు భారం. కొన్ని నెలలు పోయాక, అందరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండి.

ఈలోగా వాడి ఆసక్తికి మేత కావాలి. ఒక నోటుపుస్తకం ఇచ్చి, చూసిన ప్రతి పురుగునీ పిట్టనీ బొమ్మ గీసి, తేదీ వేసి, ఏం చేస్తుండగా చూశాడో రాయమనండి. దేన్నీ పట్టుకోకూడదు, చెయ్యి పెట్టకూడదు, కొత్తది కనిపిస్తే ఇంట్లో పెద్దవాళ్లను పిలవాలి. ఈ ఒక్క నియమం మాత్రం గట్టిగా ఉండాలి. పాముల నిపుణుడు రోములస్ విటేకర్‌కు నాలుగైదేళ్ల వయసులోనే పాముల మీద ఇష్టం పుట్టింది. ఆ ఇష్టాన్ని తన తల్లి అణచలేదని ఆయనే చెబుతుంటారు. తర్వాత ఆయన మద్రాసు స్నేక్ పార్క్‌ను స్థాపించారు. పాములు పట్టడంలో నేర్పరులైన ఇరుళ తెగవాళ్లకు 1978లో సహకార సంఘం ఏర్పడటానికి తోడ్పడ్డారు. వాళ్లు పాముల్ని పట్టి, చంపకుండా విషం తీసి మళ్లీ వదిలేస్తారు. యాంటీ వెనమ్ తయారయ్యేది ఆ విషంతోనే. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే విరుగుడును వేరు చేస్తారు. ఇదంతా మీ వాడికి చెప్పి చూడండి, ఎన్ని ప్రశ్నలు వేస్తాడో. పాముల్ని దగ్గరగా చూడాలంటే అద్దం అవతల నుంచి చూపించే స్నేక్ పార్కులు, జూలు ఉన్నాయి.

ఎందుకైనా మంచిదని ఇంట్లో అందరికీ ఇది కూడా చెప్పి ఉంచండి. పాము కరిస్తే కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఏదైనా కర్ర ఆసరాగా పెట్టి వదులుగా కట్టాలి. వాచీ, ఉంగరం, కడియం లాంటివి వాపు రాకముందే తీసేయాలి. తాడుతో బిగించి కట్టకూడదు. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, ఐసు పెట్టకూడదు. పామును పట్టుకోవడానికో చంపడానికో వెళ్లి టైము పోగొట్టకూడదు. నడిపించకుండా నేరుగా యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీకు దగ్గర్లో అది ఎక్కడ దొరుకుతుందో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక మీవారు. ఆయన రాకముందే ఫోన్‌లో చెప్పండి. పాము ఇంట్లోంచి వెళ్లిపోయాక చెబితే ఇంకా సులువు. కర్ర అందుకునే మనుషులకు పాము మీద పగ ఉండదు. ఇంట్లోవాళ్లకు ఏమవుతుందోనన్న భయమే అలా చేయిస్తుంది. కాబట్టి ఆయనతో పాముల మీద జాలి గురించి వాదించకండి. చంపబోతేనే చాలామందికి కాట్లు పడతాయనీ, తెగిపడిన పాము తల కూడా కాసేపటి దాకా కరవగలదనీ చెప్పండి. వాడిని కొడితే రేపటి కాటు మన దగ్గర దాస్తాడని చెప్పండి. తిట్టను, కొట్టను అని ఆయన దగ్గర మాట తీసుకోండి. ఆ తర్వాత, ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, జరిగింది మొదటి నుంచీ వాడినే చెప్పనివ్వండి. మీరు పక్కనే ఉండండి. వాడు ఎక్కడైనా తడబడితే అందించండి, కానీ వాడి తరఫున మీరు చెప్పకండి. విన్నాక ఆయన ఇంకేమీ అనలేకపోయినా ఫర్వాలేదు. "ఎక్కడ దొరికిందిరా, చూపించు" అని వాడితో పాటు ఆ గోడ దాకా వెళితే చాలు.